బి.ఏ. చదువు: చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి

కర్ణాటకలోని చిక్కబళ్లాపురం జిల్లాలో చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, సమాజశాస్త్రం, భాషాసాహిత్యాలను డిగ్రీ స్థాయిలో నేర్పే బి.ఏ. చదువు చరిత్ర ఇది. 2007లో కోలారు నుంచి విడివడిన ఈ జిల్లాలో చిక్కబళ్లాపురం, బాగేపల్లి, చింతామణి పట్టణాలు ఈ చదువుకు ముఖ్య కేంద్రాలు. ఆంధ్ర సరిహద్దులోని బాగేపల్లి తాలూకాలో అత్యధికుల ఇంటిమాట తెలుగు. తక్కిన రెండు తాలూకాల పల్లెల్లోనూ తెలుగు విరివిగా వినిపిస్తుంది. తరగతిలో పాఠం మాత్రం ఎక్కువగా కన్నడంలో సాగుతుంది.

పూర్వరంగం

విశ్వవిద్యాలయాలు రాకముందు ఈ సీమలో చదువు అగ్రహారాల్లో, మఠాల్లో, వీధిబడుల్లో సాగింది. చింతామణి తాలూకా కైవారానికి చెందిన యోగి నారేయణ గాజుల వ్యాపారం చేసి, తర్వాత యోగిగా పేరుపొందారు. తెలుగు, కన్నడ భాషలు రెండింటిలోనూ తత్త్వాలు చెప్పారు. జనం ఆయనను నేటికీ కైవారం తాతయ్య అని పిలుచుకుంటారు.

డిగ్రీ చదువుకు ఈ సీమ నుంచి వెళ్లినవారిలో అందరికీ తెలిసిన పేరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. చిక్కబళ్లాపురం పక్కనున్న ముద్దేనహళ్లిలో పుట్టి, చిక్కబళ్లాపురం బడిలో చదివి, బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చేరారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పుకుంటూ 1881లో బి.ఏ. పూర్తిచేశారు. అప్పట్లో ఆ కళాశాల మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉండేది. ఆయన ఇంజనీరింగు చదువు ఆ తర్వాత పుణెలో సాగింది.

మైసూరు విశ్వవిద్యాలయ కాలం

విశ్వేశ్వరయ్య దివానుగా ఉండగా, నాల్వడి కృష్ణరాజ ఒడెయరు పాలనలో 1916 జులై 27న మైసూరు విశ్వవిద్యాలయం ఏర్పడింది. బ్రిటిష్ పాలిత ప్రాంతానికి వెలుపల మన దేశంలో వెలసిన తొలి విశ్వవిద్యాలయం ఇదే. విజ్ఞానశాస్త్రాలకు బెంగళూరు సెంట్రల్ కాలేజీ, కళాశాస్త్రాలకు మైసూరు మహారాజా కాలేజీ నెలవయ్యాయి. దాంతో చింతామణి నుంచి చరిత్రో తత్త్వశాస్త్రమో చదవబోయే యువకుడు బెంగళూరు దాటి మైసూరు దాకా వెళ్లవలసి వచ్చేది. హాస్టలు ఖర్చు భరించగల కుటుంబాలకే అది సాధ్యపడేది.

ఆ కాలపు విశ్వవిద్యాలయ నాయకత్వం, మహారాజా కాలేజీ బోధకవర్గం అసామాన్యమైనవి. తొలి ఉపకులపతి హెచ్.వి. నంజుండయ్య మైసూరు సంస్థానంలోని కులాలు, తెగల ఆచారవ్యవహారాలను సర్వే చేసి గ్రంథస్థం చేశారు. చిత్తూరు దగ్గరి కట్టమంచికి చెందిన రామలింగారెడ్డి మహారాజా కాలేజీలో చరిత్ర బోధించి, ప్రిన్సిపాలుగా పనిచేసి, ఆపై సంస్థాన విద్యాశాఖను నడిపారు. అర్థశాస్త్రాన్ని తెలుగులో రాసిన తొలితరం రచయితల్లో ఆయన ఒకరు. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి ఉపకులపతి అయ్యారు. 1918 నుంచి 1921 వరకు సర్వేపల్లి రాధాకృష్ణన్ తత్త్వశాస్త్రం చెప్పారు. కలకత్తాకు బయలుదేరిన రోజున విద్యార్థులే ఆయన బండిని స్టేషను దాకా లాక్కెళ్లారు. 1921లో ఉపకులపతిగా వచ్చిన తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ 1930 దాకా ఉన్నారు. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మూడున్నర దశాబ్దాలకు పైగా తెలుగు బోధించారు. కన్నడ రాజ్యంలో తెలుగు సాహిత్యానికి విశ్వవిద్యాలయ స్థాయి గౌరవం నిలబెట్టిన ఘనత ఆయనది.

ఇదే కాలంలో సరిహద్దు అవతల కూడా డిగ్రీ చదువుకు తావులు ఏర్పడ్డాయి: మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల 1915లో, అనంతపురం కళాశాల 1916లో మొదలయ్యాయి.

1956 నుంచి 1960 వరకు మైసూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న కన్నడ కవి కువెంపు కన్నడ మాధ్యమ ఉన్నత విద్యకు బాట వేశారు.

పట్టణ కళాశాలలు

1964లో బెంగళూరు విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక కోలారు జిల్లా కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య 1972 నుంచి 1977 వరకు ఆ విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నారు. హైస్కూలు చదువు కోసం ఊరి నుంచి బెంగళూరుకు కాలినడకన వెళ్లిన ఆయన, భౌతికశాస్త్ర ఆచార్యుడైనా, పల్లెటూరి పిల్లలకు అన్ని రకాల డిగ్రీ చదువులూ అందాలని కోరుకున్నారు. ఆయన నడిపించిన నేషనల్ ఎడ్యుకేషన్ సొసైటీ గౌరిబిదనూరు, బాగేపల్లిలో నేషనల్ కాలేజీలు నెలకొల్పింది. ప్రభుత్వ ప్రథమ దర్జె (ఫస్ట్ గ్రేడ్) కళాశాలలు మూడు పట్టణాల్లోనూ ఉన్నాయి. చింతామణిలో మహిళలకు ప్రత్యేక ప్రభుత్వ కళాశాల ఉంది. చేళూరు, గూళూరు, మిట్టేమరి వంటి ఊళ్ల అమ్మాయిలు బస్‌పాసుతో పొద్దున బయలుదేరి సాయంత్రానికి ఇల్లు చేరే వీలు కలగడం ఈ కళాశాలలు తెచ్చిన అతి పెద్ద మార్పు.

పాఠ్యక్రమం, భాష

పి.యు.సి. (ఇంటర్మీడియట్‌తో సమానం) తర్వాత చేరే విద్యార్థులు ఐచ్ఛికాలను జట్లుగా ఎంచుకుంటారు. చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం కలిసిన జట్టును ‘హెచ్.ఈ.పి.’ అని పిలుస్తారు. రాజనీతిశాస్త్రం స్థానంలో కన్నడమో సమాజశాస్త్రమో ఉన్న జట్లూ ఉన్నాయి. వీటికి తోడు భాషలు, భారత రాజ్యాంగం చదవాలి. డిమాండు, సప్లయి రేఖలను కన్నడంలో విన్న కుర్రవాడు చింతామణి టమాటా ధర ఎందుకు పడిపోయిందో పక్కవాడితో తెలుగులో తేల్చుకుని, పరీక్ష మళ్లీ కన్నడంలో రాస్తాడు. రెండు భాషల్లో ఆలోచించగలగడం ఈ విద్యార్థుల బలం. ఆ బలాన్ని పాఠ్యక్రమం ఇంకా తగినంతగా వాడుకోలేదు.

స్థానిక అధ్యయనానికి వనరులకు కొదవ లేదు. శాసన పరిశోధకుడు బి.ఎల్. రైస్ 1905లో వెలువరించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా పదో సంపుటం కోలారు జిల్లా శాసనాలది. తెలుగు శాసనాలూ అందులో ఉన్నాయి. నంది గ్రామంలోని భోగనందీశ్వరాలయం, బాగేపల్లి తాలూకాలో గుమ్మనాయకనపాళ్యం పాళెగాళ్ల కోట, స్వాతంత్ర్యోద్యమంలో 1938 ఏప్రిల్ 25న పోలీసు కాల్పులు జరిగిన విదురాశ్వత్థం, శిడ్లఘట్ట పట్టుగూళ్ల మార్కెట్టు చరిత్రకూ అర్థశాస్త్రానికీ చేరువలో ఉన్న పాఠాలు.

ఇటీవలి మార్పులు

2017లో బెంగళూరు విశ్వవిద్యాలయాన్ని విభజించినప్పుడు కోలారు కేంద్రంగా బెంగళూరు ఉత్తర విశ్వవిద్యాలయం ఏర్పడి ఈ జిల్లా కళాశాలలకు మాతృసంస్థ అయింది. నూతన జాతీయ విద్యావిధానం కింద 2021-22లో నాలుగేళ్ల డిగ్రీ వచ్చింది. 2024-25 నుంచి కర్ణాటక మళ్లీ మూడేళ్ల డిగ్రీకి మళ్లింది. రాష్ట్రమంతటా ఉన్నట్టే ఇక్కడి ప్రభుత్వ కళాశాలల్లోనూ బోధనభారం చాలావరకు అతిథి ఉపన్యాసకుల మీదే ఉంది. పట్టభద్రులు బి.ఇడి., ఎం.ఏ.లకు వెళ్తారు, లేదా ఎఫ్.డి.ఎ. (ఫస్ట్ డివిజన్ అసిస్టెంట్), ఎస్.డి.ఎ. (సెకండ్ డివిజన్ అసిస్టెంట్), పోలీసు ఉద్యోగాల పోటీపరీక్షలకు సిద్ధమవుతారు. వీరిలో చాలామంది తమ ఇంట డిగ్రీ గడప తొక్కిన మొదటివారు.