అండం కాపలా దేనికి?

కొల్లేరు చుట్టూ, కైకలూరు నుంచి ఏలూరు దాకా, చెరువుల్లో వదిలే బొచ్చె, శీలావతి పిల్లలు హేచరీల్లో పుట్టినవే. వరద నీటిలోనే గుడ్లు పెట్టే ఈ తరగతి చేపలకు పీయూష గ్రంథి రసం ఎక్కించి, మన కట్టడిలోనే గుడ్లు పెట్టించవచ్చని 1957 జులై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి నిరూపించారు. ఆ విజయం వెంటే ఒక చిక్కూ వచ్చింది. ఈ రెండు జాతులకూ ఒకే తొట్టిలో గుడ్లు పెట్టిస్తే సంకర పిల్లలు పుడతాయి, బతికి పెరుగుతాయి కూడా. అదే చెరువు గట్టున మేసే ఆవుకూ గేదెకూ మాత్రం సంకర దూడ లేదు. ఇది చూసి, పాలిచ్చే జంతువుల అండం పరజాతి వీర్యకణాన్ని ఆనవాలు పట్టి తిప్పి పంపుతుందని అనుకోవడం సహజం. పరిశోధన చరిత్రను వరసగా చదివితే నాకు కనిపించేది వేరు. క్షీరదాల్లో ఈ గుర్తింపు కాపలా కాసేది జాతి కన్నా ఎక్కువగా వేళనూ, లెక్కనూ. తగిన వేళకు ఒకే ఒక్క కణం లోపలికి చేరేలా చూడడం దాని ముఖ్యమైన పని.

అండానికి తాళం, వీర్యకణానికి తాళంచెవి అన్న ఊహ పాతదే. సీ అర్చిన్ల గుడ్లు వదిలే ఒక పదార్థమే సొంత జాతి వీర్యకణాలను పట్టుకుంటుందని ఫ్రాంక్ లిల్లీ 1910లలో ప్రతిపాదించాడు. కానీ క్షీరదాల్లో మొదట ఎదురైన అడ్డంకి వేళ. ఆడజంతువు గర్భమార్గంలో కొన్ని గంటలు గడిపితే గాని వీర్యకణానికి అండంలో ప్రవేశించే శక్తి రాదని 1951లో చాంగ్, ఆస్టిన్ విడివిడిగా కనుగొన్నారు. ఆ మార్పు ఎలా జరుగుతుందన్న వెతుకులాటలో మన హైదరాబాద్ సీసీఎంబీకి కూడా వాటా ఉంది. అక్కడ ఎస్. శివాజీ బృందం హామ్‌స్టర్ వీర్యకణాలను పరిశీలించి, శక్తి తయారీలో పాల్గొనే ఒక ఎంజైముకు ఈ మార్పులో పాత్ర ఉందని 2004లో చూపింది. ఈలోగా 1980లో బ్లైల్, వాసర్‌మన్ ఎలుక అండం చుట్టూ ఉండే పారదర్శకమైన పొర నుంచి జెడ్‌పీ3 అనే ప్రోటీన్‌ను వేరుచేసి, వీర్యకణం అతుక్కునేది దీనికే అన్నారు. దాని మీది చక్కెర గొలుసులే తాళమని పాఠ్యపుస్తకాలు చాలాకాలం చెప్పాయి. ఆ చక్కెరలను అమర్చే ఎంజైములను జన్యుమార్పిడితో తీసేసినా ఎలుకలు పిల్లలను కంటూనే ఉన్నాయి. తర్వాత దృష్టి పక్కనున్న జెడ్‌పీ2 మీదికి మళ్లింది. ఒక వీర్యకణం చేరగానే అండం ఒక ఎంజైమును వదిలి జెడ్‌పీ2ను కత్తిరిస్తుంది. ఆపై మరేదీ అతుక్కోదు. లెక్కకు కాపలా అన్నానే, ఇదే.

లోపలి పొర దగ్గర ఈ సంగతి ఇంకా స్పష్టం. 2005లో జపాన్‌లో ఒకాబే బృందం వీర్యకణం మీద ఇజుమో1 అనే ప్రోటీన్‌ను, 2014లో ఇంగ్లండులో గావిన్ రైట్ బృందం అండం మీద దానికి జోడీ అయిన జూనోను గుర్తించాయి. ఇజుమో1 లేని మగ ఎలుకకూ, జూనో లేని ఆడ ఎలుకకూ సంతానం లేదు. అంత అవసరమైన జోడీ జాతి విషయంలో మాత్రం పట్టింపు లేనిది: హామ్‌స్టర్ జూనో మనిషి ఇజుమో1ను పట్టుకుంటుంది. పై పొర తీసిన హామ్‌స్టర్ అండంలోకి మనిషి వీర్యకణం వెళ్లగలదని యనగిమాచి 1976లోనే చూపాడు. ఫలదీకరణ కాగానే అండం జూనోను విదిల్చేసుకుంటుంది. ఇక ఆవు అండాన్ని గేదె వీర్యంతో ప్రయోగశాలలో కలిపితే ఫలదీకరణ జరుగుతుంది. పిండమే తొలి విభజనల్లో చాలావరకు ఆగిపోతుంది. సంకర దూడ లేకపోవడానికి అండం నిరాకరణ ఒక్కటే కారణమైతే ఆ పిండం ఏర్పడేదే కాదు.

దీనికి రెండు గట్టి అభ్యంతరాలున్నాయి. మనిషి వీర్యకణం ఎలుక అండానికి అతుక్కోదు. మనిషి జెడ్‌పీ2ను ఎలుక అండంలో పెడితే అతుక్కుంటుందని 2012లో తేలింది. జాతి కాపలా ఉన్నట్టే కదా? ఉంది, కానీ పట్టింపు మనిషి వీర్యకణానిదే. ఎలుక వీర్యకణం రెండు రకాల పొరలకూ అతుక్కుంటుంది. అన్ని క్షీరదాలకూ వర్తించే కాపలా అయితే ఇంత ఏకపక్షంగా ఉండదు. రెండోది చేపల నుంచే వస్తుంది. 2018లో వియన్నాలో ఆండ్రియా పౌలీ బృందం జీబ్రాచేప అండం మీద బౌన్సర్ అనే ప్రోటీన్‌ను కనుగొంది. దాని స్థానంలో మెడాకా చేప బౌన్సర్‌ను పెడితే ఆ అండంలోకి మెడాకా వీర్యకణమే వెళ్లింది. ఇది నిజమైన జాతి కాపలా. అన్ని జాతులూ ఒకే నీటిలో గుడ్లూ వీర్యమూ వదిలే చోట అది కావాలి. బొచ్చె, శీలావతి లాంటి దగ్గరి బంధువుల మధ్య అదీ చాలడం లేదు. శరీరం లోపల ఫలదీకరణ జరిగే జంతువుల్లో వడపోత జత కట్టడంలోనే చాలావరకు అయిపోతుంది. బౌన్సర్‌కు సమానమైన ప్రోటీన్ క్షీరదాల్లో అండం మీద కాక వీర్యకణం మీద కనిపించడం ఈ తేడాతో పొసగుతుంది. ఇజుమో1 మాత్రం స్పాకా6, టీమెమ్81 అనే ప్రోటీన్లతో మూడింటి జట్టుగా చేపల్లోనూ క్షీరదాల్లోనూ ఒకేలా ఉందని 2024లో పౌలీ బృందమే చూపింది.

వేళకు కాపలా అన్న సంగతి తాడేపల్లిగూడెం చుట్టుపక్కల పాడి రైతుకు నేరుగా తగులుతుంది. గడ్డకట్టించి నిల్వ చేసిన వీర్యంలో కణాల పై పొర దెబ్బతిని, గర్భమార్గంలో రావలసిన మార్పు ముందే మొదలవుతుంది. వాటి ఆయుష్షు తగ్గిపోతుంది. పొద్దున ఎదకు వచ్చిన గేదెకు సాయంత్రం, సాయంత్రం వచ్చినదానికి మర్నాటి పొద్దున వీర్యం వేయించమని పశువైద్యులు చెప్పేది, ఆ కొద్ది గంటల ఆయుష్షులోనే అండం విడుదల కావాలని.