ధవళేశ్వరంలో ఎన్ని అడుగులు?

2022 జులై మధ్యలో గోదావరి పొంగి లంక గ్రామాలను ముంచినప్పుడు కోనసీమ ఇళ్లకు ఊళ్లూ దేశాలూ దాటి ఫోన్లొచ్చాయి. హైదరాబాదు నుంచి కొడుకు చేసినా, అమెరికా నుంచి మేనల్లుడు చేసినా మొదటి ప్రశ్న దాదాపు ఒకటే: ధవళేశ్వరంలో ఎన్ని అడుగులుంది? వాన ఎంత పడిందన్నది తర్వాతి మాట. ధవళేశ్వరం గేజి 11.75 అడుగులు చూపితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. పాడి గేదెల్ని ఏటిగట్టు మీదికి ఎప్పుడు తోలాలి, ధాన్యం బస్తాలు ఎప్పుడు అటకెక్కించాలి, పడవ కోసం ఎప్పుడు కబురు పెట్టాలి అన్నవన్నీ ఆ మూడు అంకెల చుట్టూ తిరుగుతాయి. ఆ ఏడు మూడో హెచ్చరికా దాటిపోయింది. బ్యారేజీ నుంచి సముద్రంలోకి వదిలిన నీరు 25 లక్షల క్యూసెక్కులు మించింది.

ఇంధన, వాతావరణ విధానాల మీద పరిశోధన చేసే సంస్థల్లో ఇప్పుడు డేటా అనలిస్ట్ అనే ఉద్యోగం ఉంది. వానలు, వరదలు, విద్యుత్తు, గ్యాసుకు సంబంధించిన పట్టికలు సేకరించడం, వాటిలో తప్పులేరడం, ఒక లెక్కను ఇంకో లెక్కతో సరిచూడడం, తేలిందాన్ని ప్రభుత్వం ముందు పెట్టడం అందులోని పని. ఉద్యోగం పేరు కొత్తది. పని మాత్రం గోదావరి జిల్లాలకు పాతదే. ధవళేశ్వరంలో ఆనకట్ట లేవక ముందే ఒక పట్టిక తయారైంది.

1844లో ఇంజనీరు ఆర్థర్ కాటన్ గోదావరి మీద ఆనకట్ట కట్టాలంటూ మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. అప్పటికి రాజమండ్రి జిల్లా చితికిపోయి ఉంది. 1832–33 నాటి నందన కరువు, దాని వెంట వచ్చిన తుపాన్లు ఊళ్లను ఖాళీ చేశాయి. జిల్లా జనాభా 1821లో 7,38,308. 1831 నాటికి 6,95,016కు, 1841 నాటికి 5,61,041కి పడిపోయింది. ఇరవై ఏళ్లలో నలుగురిలో ఒకరు తగ్గారన్నమాట. కాటన్ వాదం జాలి మీద కన్నా లెక్క మీద ఎక్కువ నిలబడింది. కావేరి నీటితో పండే తంజావూరు సర్కారుకు ఎంత శిస్తు కడుతోంది, అంతకన్నా పెద్ద నది పక్కన పెట్టుకున్న రాజమండ్రి ఎంత కడుతోంది అని రెంటినీ పక్కపక్కన పెట్టి చూపాడు. కుంపిణీ దొరలకు అర్థమయ్యే భాష అది.

నేల కూడా ఆయన లెక్కకు కలిసొచ్చింది. డెల్టాలో గోదావరి పల్లంలో పారదు. ఏటా తెచ్చిన ఒండ్రును ఒడ్డునే పేర్చుకుంటూ మెరక మీద పారుతుంది. నదికి దూరం జరిగేకొద్దీ నేల దిగుతుంది. కాబట్టి తలదగ్గర నీటిని కొన్ని అడుగులు లేపి నిలిపితే చాలు, కాలువల్లో అది తనంతట తానే పొలాలకు దిగుతుంది. 1846 చివర్లో అనుమతి వచ్చింది. 1847లో పని మొదలైంది. ధవళేశ్వరం కొండ రాళ్లు పగలగొట్టి, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీదుగా 1852 నాటికి కట్ట పూర్తిచేశారు. వేల మంది కూలీల పని నడిపించడంలో కాటన్‌కు కుడిభుజంగా నిలిచినవాడు వీణం వీరన్న.

ఆ తర్వాతి కథ ఉపన్యాసాల్లో తరచూ వినిపించేదే: 1841లో అయిదున్నర లక్షలున్న జనాభా 1891 జనగణనలో 20 లక్షలు దాటింది, అంతా ఆనకట్ట చలవే అని. ఆనకట్ట చలవ నిజం. పోలికే సరైంది కాదు. 1859లో జిల్లాల హద్దులు తిరగరాశారు. రాజమండ్రి జిల్లా పోయి, మచిలీపట్నం జిల్లా నుంచి వచ్చిన ప్రాంతాన్ని కలుపుకుని గోదావరి జిల్లా ఏర్పడింది. మొదటి లెక్కలోని జిల్లా వేరు, రెండో లెక్కలోని జిల్లా వేరు. అనలిస్టుగా చేరిన కుర్రవాడు మొదట నేర్చుకోవలసిన పాఠాల్లో ఇదొకటి: రెండు అంకెల మధ్య గీత గీసే ముందు రెండూ ఒకే చోటివో కాదో చూడాలి.

అదే జనాభా పట్టిక ఇంకో పనికీ వస్తుంది. 1839 నవంబరు 25న అదే జిల్లాలోని కోరంగి రేవు మీద తుపాను విరుచుకుపడింది. కడలి కెరటం నలభై అడుగుల ఎత్తున లేచిందని, 20 వేల ఓడలు పగిలిపోయాయని, మూడు లక్షల మంది చనిపోయారని ప్రపంచంలోని ఘోర విపత్తుల జాబితాల్లో నేటికీ రాస్తుంటారు. ఈ అంకెను పై పట్టిక పక్కన పెట్టి చూస్తే సంగతి బయటపడుతుంది. 1831 నుంచి 1841 వరకు, కరువూ తుపానూ వలసలూ అన్నీ కలిపి, జిల్లా మొత్తంలో తగ్గిన జనం 1,33,975. ఒక్క రాత్రిలో మూడు లక్షలు పోవడానికి అందులో చోటు లేదు. ఆనాటి జనాభా లెక్క ఇప్పటి జనగణనంత గట్టిది కాదు, నిజమే. అయినా ఇంత తేడాను అది మింగలేదు. కోరంగి నాశనమైంది, తర్వాత రేవుగా మళ్లీ నిలదొక్కుకోలేదు. మృతుల సంఖ్య మాత్రం ఒక పుస్తకం నుంచి ఇంకో పుస్తకానికి నడుస్తూనే ఉంది.

తుపానును లెక్కకట్టే విద్యలోనూ కోరంగికి పాత్ర ఉంది. కలకత్తాలో ఓడ ప్రమాదాలను విచారించే హెన్రీ పిడింగ్టన్ తుపాన్లలో చిక్కిన నావల దినచర్య పుస్తకాలను పోగుచేసేవాడు. ఏ గంటకు గాలి ఎటునుంచి వీచింది, వాయుభారం ఎంత పడింది అన్న రాతలను పటం మీద పెడితే గాలి సుడి తిరుగుతున్నట్టు తేలింది. 1789 డిసెంబరులో మూడు పెద్ద కెరటాలు కోరంగిని ముంచిన వైనాన్ని కూడా ఆయన నమోదు చేశాడు. సుడి అన్న అర్థంతో గ్రీకు మాట నుంచి 'సైక్లోన్' అనే పేరు పుట్టించి 1848లో నావికుల కోసం వేసిన పుస్తకంలో వాడాడు. ఆయన దగ్గరున్న పరికరం ఇతరులు రాసిన పట్టికలే.

క్యూసెక్కుల సంగతీ అలాంటిదే. సెకనుకు ఒక ఘనపుటడుగు, అంటే 28 లీటర్ల పైచిలుకు నీరు, ఒక క్యూసెక్కు. వరదలో దాన్ని ఎవరూ కొలపాత్ర పెట్టి కొలవరు. గేజి మీద కనిపించేది నీటిమట్టం. ఆ మట్టం నుంచి, గేట్లు ఎంత ఎత్తారన్న దాన్నుంచి సూత్రం వేసి ప్రవాహం తేలుస్తారు. పాత ఆనకట్ట స్థానంలో 1970లో మొదలై 1982లో పూర్తయిన కాటన్ బ్యారేజీకి గేట్లు 175. నాలుగేళ్లకే దానికి పరీక్ష వచ్చింది. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది. ధవళేశ్వరంలో 35.06 లక్షల క్యూసెక్కులు దాటిపోయినట్టు లెక్క తేలింది. ఏటిగట్లు తెగి ఊళ్లకు ఊళ్లు మునిగాయి.

ఎగువన పోలవరం ప్రాజెక్టు స్పిల్‌వేను మొదట అనుకున్నది 36 లక్షల క్యూసెక్కులకు. 1986 వరద దాని అంచుదాకా వచ్చేసింది. తర్వాత ఆ పరిమితిని 50 లక్షలకు పెంచారు. అంకె మారడంతో కాంక్రీటు మారింది, వెనకకు తన్నే నీటి విస్తీర్ణం మీద తగువూ పెరిగింది. ఒడిశా వేసిన దావా సుప్రీంకోర్టుకు చేరింది.

నీటి లెక్కల నుంచి గ్యాసు లెక్కలకు వస్తే దారి రాజోలు మీదుగా పోతుంది. 1983లో అక్కడ సహజవాయువు పడింది. 1995 జనవరి 8న పాశర్లపూడి బావి పేలి లేచిన మంట 65 రోజులు కొబ్బరితోటల మధ్య రగిలింది. 2002లో కాకినాడకు ఎదురుగా లోతు సముద్రంలో కృష్ణా–గోదావరి (కేజీ) బేసిన్‌లోని కేజీ–డీ6 నిక్షేపం బయటపడ్డాక ఆశలు ఆకాశానికెక్కాయి. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాసు వస్తుందని అభివృద్ధి ప్రణాళికలో రాసుకున్నారు. ఈ బేసిన్ గ్యాసును నమ్ముకుని డెల్టాలోనూ చుట్టుపక్కలా టర్బైన్లు నిలబడ్డాయి: వేమగిరిలో 388 మెగావాట్లు, రావులపాలెం దగ్గర దేవరపల్లిలో 445, సామర్లకోటలో ఏకంగా 2,400. 2009 ఏప్రిల్లో గ్యాసు గాడిమొగ ఒడ్డుకు చేరింది. మరుసటి ఏడు ఉత్పత్తి 6 కోట్ల ఘనపు మీటర్ల దాకా వెళ్లి, అక్కడినుంచి జారడం మొదలెట్టింది. 2013 మార్చిలో ఆ క్షేత్రం నుంచి విద్యుత్ కేంద్రాలకు గ్యాసు సున్నా అయింది. బ్యాంకు అప్పులు నడిచాయి, టర్బైన్లు నడవలేదు. సామర్లకోట యంత్రాల్లో కొన్ని చివరకు బంగ్లాదేశ్‌కు తరలిపోయాయి. ఇంధన రంగంలో పనిచేసే అనలిస్టులకు కేజీ బేసిన్ ఇప్పటికీ పాఠ్యాంశమే: భూమిలో ఉన్న గ్యాసు ఎంత, తీయగలిగేది ఎంత, గొట్టంలోకి వచ్చేది ఎంత అన్నవి మూడు వేర్వేరు గడులు. వాటిని ఒకటిగా చదివితే ఏమవుతుందో సామర్లకోట చెబుతుంది.

వీటన్నిటికన్నా నెమ్మదిగా కదిలే లెక్క ఇంకొకటుంది. పోలవరం దగ్గర కేంద్ర జలసంఘం నది నీటిని పట్టి, వడగట్టి, మిగిలిన ఒండ్రును తూచి రాస్తుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావు, ఆయన సహచరులు దశాబ్దాల ఆ రాతలను ఉపగ్రహ చిత్రాలతో కలిపి చదివి 2010లో ఫలితం ప్రకటించారు. 1970–79 మధ్య గోదావరి ఏటా సగటున 15.02 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది. 2000–06 నాటికి అది 5.72 కోట్ల టన్నులకు తగ్గింది. ఎగువ జలాశయాల్లో మట్టి ఆగిపోతోంది, దిగువన కడలి తన వంతు తాను కోసుకుంటూనే ఉంది. కాటన్ నమ్ముకున్న మెరకను పోసింది ఈ ఒండ్రే.

ఉప్పాడలో సముద్రం ఊరిని ఏళ్ల తరబడి కొరుకుతోంది. వాయుగుండం వచ్చినప్పుడల్లా కాకినాడ రోడ్డు కోతపడుతుంది, లారీల్లో రాళ్లు తెచ్చి పోస్తారు. వరద రోజుల్లో టీవీ తెర అడుగున పరుగెత్తే అక్షరాల్లో అడుగులుంటాయి, క్యూసెక్కులుంటాయి, హెచ్చరిక నంబరుంటుంది. ఆ ఎర్రనీటిలో మట్టి ఎంతుందో ఆ వరుసలో కనిపించదు.