పెరట్లో వదిలేసిన మూల

దసరా వానలు తగ్గాక ఖల్లికోటలో మన పెరడు బాగుచేసేవాళ్లు. ఎండాకులు ఊడుస్తుంటే కప్పలు, తొండలు, అప్పుడప్పుడు జెర్రిపోతు బయటపడేవి. "దానికి విషం లేదు, ఎలుకల్ని తింటుంది, కొట్టకండ్రా" అనేది నాన్నమ్మ. పుట్ట ఉన్న మూలలో మాత్రం పార వేయనిచ్చేది కాదు. దీపావళి తర్వాత నాగుల చవితికి అక్కడే పాలు పోయాలి కదా!

నేను చదువుకున్న కర్ణాటకలో శ్రావణంలో నాగర పంచమి చేస్తారు. ఇక్కడ ఒడియావాళ్లకీ మనకీ కార్తీక చవితే. 1936 ఏప్రిల్ 1న ఖల్లికోట మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి కొత్త ఒరిస్సా ప్రావిన్సులోకి వెళ్లింది. చవితి మాత్రం మారలేదు.

ఇప్పుడు పెరడంతా సిమెంటు చేయిద్దామంటున్నారు. చేయించండి, ఆ మూల ఒక్కటీ వదిలేద్దాం.