వెళ్ళిపోవచ్చుగా?

ఈమధ్య ఓ ఆదివారం మధ్యాహ్నం మా వదినా నేనూ కూర్చుని ఓ ఫ్రెంచి సినిమా చూశాం. 2010లో వచ్చింది. కాన్ చలనచిత్రోత్సవంలో రెండో పెద్ద బహుమతి తెచ్చుకుంది. డ్యూయెట్లు లేవు, ఫైటింగులు లేవు. కొండల్లో ఓ మఠం, అందులో కొందరు సన్యాసులు, వాళ్ళ ప్రార్థనలు, తోటపనీ, చివరికి మంచులో నడుచుకుంటూ మాయమైపోవడం. అంతే కథ.

సినిమా అయిపోగానే మా వదిన పమిటచెంగుతో కళ్ళొత్తుకుని, "అంతా బాగానే ఉందిగానీ అమ్మా, ప్రాణాల మీదికొస్తుందని తెలుసుగదా! వాళ్ళ దేశం వాళ్ళకుందిగదా! శుభ్రంగా వెళ్ళిపోవచ్చుగా?" అంది.

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఆ ప్రశ్న పట్టుకునే నాలుగు రోజులు పుస్తకాలు తిరగేశాను. ఎందుకంటే అది కల్పన కాదు, జరిగిన కథ.

ఆఫ్రికా ఖండానికి ఉత్తరాన అల్జీరియా దేశం. అందులో మెదియా పట్నం దగ్గర, అట్లాస్ కొండల్లో తిబిరీన్ అనే చిన్న పల్లె. బెర్బరు భాషలో ఆ మాటకు తోటలని అర్థంట. అక్కడ 1938లో ట్రాపిస్టులనే క్యాథలిక్ సన్యాసులు మఠం పెట్టుకున్నారు. ఊరూరా తిరిగి మతం బోధించడం వీళ్ళ పద్ధతి కాదు. మౌనం, ప్రార్థన, చేతుల్తో చేసుకునే పని, అంతే. చుట్టూ ఉన్నవాళ్ళంతా ముస్లిములు. 1962లో దేశానికి స్వతంత్రం వచ్చినప్పుడు ఫ్రెంచివాళ్ళు లక్షల సంఖ్యలో వెళ్ళిపోయారు. వీళ్ళు ఉండిపోయారు. ఊరివాళ్ళతో కలిసి తోట సాగుచేసి పంట పంచుకునేవారు. ఊళ్ళో మసీదు లేకపోతే నమాజుకని మఠంలోనే ఓ గది ఇచ్చారు. ఒకే ఆవరణలో ఇటు గంటా, అటు నమాజూ!

వాళ్ళలో లూక్ అనే డాక్టరుగారిని చెప్పుకోవాలి. 1946లో వచ్చాడు. వైద్యమూ ఆయనే, మఠంలో వంటా ఆయనే! పసిపిల్లల్ని చంకనేసుకుని కొండల మీంచి ఆడవాళ్ళు దిగివచ్చేవారు. ఒక్కోరోజు వందమందికి పైగా చూసేవాడట. 1959లో, స్వతంత్ర పోరాటం నాటి రోజుల్లో, తిరుగుబాటుదారులు ఆయన్ని పట్టుకుపోయారు. తీరా చూస్తే తమ ఊళ్ళకు మందిచ్చే డాక్టరే! కొద్దిరోజులకే వదిలేశారు.

మఠాధిపతి క్రిస్టియన్ కథ మరోటి. అదే యుద్ధంలో ఆయన కుర్ర సైనికాధికారి. మొహమ్మద్ అనే గ్రామ రక్షకుడితో స్నేహం కలిసింది. పదిమంది పిల్లల తండ్రి. ఓనాడు దాడిలో క్రిస్టియన్ కి అడ్డం నిలబడి కాపాడాడు. ఆ తర్వాత ఆయన తన ఇంటి బావి దగ్గర శవమై కనిపించాడు. ఆ ఋణం క్రిస్టియన్ జన్మంతా మోశాడు.

ఇక అసలు గొడవ. 1991 డిసెంబరు ఎన్నికల మొదటి విడతలో మతవాద పార్టీ గెలిచింది. 1992 జనవరిలో సైన్యం అడ్డుపడి ఎన్నికలు రద్దు చేయించింది. అంతే, అంతర్యుద్ధం. లక్షకు పైగా ప్రాణాలు పోయాయని అంచనా. విదేశీయులంతా 1993 డిసెంబరు 1 లోగా దేశం విడవాలని సాయుధ దళం గడువు పెట్టింది. డిసెంబరు 14న మఠానికి దగ్గర్లోనే పన్నెండుమంది క్రొయేషియా కూలీలను గొంతులు కోసి చంపారు. మఠంవాళ్ళకు ఎరిగిన ముఖాలే.

పదిరోజుల తర్వాత, సరిగ్గా క్రిస్మస్ ముందురాత్రి, ఆ దళనాయకుడే మఠం గుమ్మంలో నిలబడ్డాడు. డాక్టరు కొండమీదికి రావాలన్నాడు, మందులివ్వాలన్నాడు, డబ్బివ్వాలన్నాడు. డాక్టరు ముసలివాడు, ఉబ్బసం మనిషి, రాలేడు, గాయపడినవాళ్ళు వస్తే అందరిలాగే చూస్తాడు అన్నాడు క్రిస్టియన్. ఇది శాంతిదూత పుట్టిన రాత్రి, ఆయుధాలతో లోపలికి రావద్దని కూడా చెప్పాడు. వచ్చినవాడు క్షమాపణ చెప్పి వెనుదిరిగాడు! ఎంత విచిత్రం!

ఆ తర్వాత మఠంలో వాళ్ళందరూ ధీరుల్లా 'ఉంటాం' అనేశారనుకోకండి. భయపడ్డారు. చర్చించుకున్నారు. ఓట్లు వేసుకున్నారు. సర్కారు సైనికుల కాపలా ఇస్తామంటే వద్దన్నారు. తుపాకి నీడలో కూర్చుంటే ఊరివాడు వైద్యానికి గుమ్మం తొక్కుతాడా మరి?

1996 మార్చి 26 అర్ధరాత్రి దాటాక సాయుధులు వచ్చి ఏడుగుర్ని ఎత్తుకుపోయారు. వేరే గదుల్లో పడుకున్న ఇద్దరు మిగిలారు. లూక్ వయసు అప్పటికి 82. మే నెలలో మరణవార్త వచ్చింది. తామే చంపామని ఆ దళం ప్రకటించుకున్నా, సైన్యం పాత్ర మీద అనుమానాలు ఇప్పటికీ తీరలేదు. జూన్ 4న మఠం ఆవరణలోనే ఖననం చేశారు. సమాధులు తవ్వింది ఊరివాళ్ళే.

క్రిస్టియన్ ముందే ఓ ఉత్తరం రాసి పెట్టాడు. తనను చంపబోయేవాడిని ఆఖరి నిమిషపు స్నేహితుడిగా క్షమించాడు. తన చావును అడ్డం పెట్టుకుని ఇస్లామునీ, అల్జీరియా ప్రజల్నీ నిందించవద్దన్నాడు. తల్లినీ తలుచుకున్నాడు.

2018 డిసెంబరు 8న ఓరాన్ నగరంలో వీళ్ళనూ, ఆ యుద్ధంలోనే చంపబడ్డ మరో పన్నెండుమంది క్యాథలిక్ సన్యాసులు, సన్యాసినులు, ఫాదరీలనూ పోపు పేరున ధన్యజీవులుగా ప్రకటించారు. వాళ్ళలో ఓరాన్ బిషప్పు క్లావెరీ ఒకరు. ఆయనతోపాటు 1996 ఆగస్టు 1న చనిపోయిన ముస్లిం యువకుడు మొహమ్మద్ బుషీఖీ పేరు మాత్రం ఆ పట్టికలో లేదు. పట్టికలో ఉండడానికి వీలులేనివాళ్ళూ అలా ఉండిపోయి చనిపోయారన్నమాట.

ఇదంతా మా వదినకు చెప్పాను. "సన్యాసుల దగ్గర పాస్‌పోర్టులున్నాయి వదినా. ఆ ఊరి ఆడవాళ్ళ దగ్గర ఏముంది? వాళ్ళు ఎక్కడికి వెళ్ళిపోతారు?"

వదిన బియ్యంలో రాళ్ళేరుతూ వింటోంది. కాసేపాగి, "అవునే. జ్వరంలో ఉన్న పిల్లాడిని తీసుకుని ఎవరైనా వస్తే, డాక్టరు తలుపు తాళం వేసుంటే ఎలా?" అంది.

ఆవిడ ప్రశ్నకు ఆవిడే చెప్పుకున్న జవాబు అది. నా పుస్తకాల్లో అంతకంటే మంచిది దొరకలేదు.