శునకంగారి షష్టిపూర్తి

కుక్క వయసు మనిషి లెక్కలో చెప్పమంటే ఎవరైనా ఠక్కున ఏడుతో హెచ్చవేసేస్తారు. మన భాషలో ఏడంటే అంకె కూడా, సంవత్సరం కూడా కాబట్టి, కుక్క ఏడుకి మనిషి ఏడేళ్ళన్న మాట మనకి మరీ సులువుగా నోటికొస్తుంది. ఆ లెక్కన శునకంగారికి ఎనిమిదిన్నరేళ్ళు నిండితే షష్టిపూర్తి చేసెయ్యొచ్చు!

మనిషికి డెబ్భై, కుక్కకి పది అనుకుని భాగారం చేస్తే వచ్చేదే ఈ ఏడు. ఇంతకంటే చాలా పాత లెక్క ఒకటుంది. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ ఆబీలో, మూడో హెన్రీ రాజు కాలాన, 1268లో రంగురాళ్ళు పొదిగి ఓ గచ్చు వేశారు. లోకం ఎన్నాళ్ళుంటుందో అందులో లాటిన్‌లో పొడుపుకథలా రాశారు. దడి మూడేళ్ళుంటుందట. కుక్క దానికి మూడింతలు, గుర్రం కుక్కకి మూడింతలు, మనిషి గుర్రానికి మూడింతలు... అలా జింక, బొంతకాకి, గద్ద, తిమింగలం దాటుకుంటూ వెళ్ళి లోకానికి 19,683 ఏళ్ళు కట్టారు. ఎక్కాల పుస్తకంలా లేదూ! ఇందులో కుక్కకి 9, మనిషికి 81. అంటే తొమ్మిదో ఎక్కం. షష్టిపూర్తి ఆరేళ్ళ ఎనిమిది నెలలకే. 2023లో మూడో చార్లెస్ పట్టాభిషేకం జరిగింది ఈ గచ్చుమీదే.

ఏ ఎక్కమైనా అసలు చిక్కు చిక్కే. ఏడేళ్ళ పిల్లకి మనమింకా జడవేసి బడికి పంపిస్తాం. ఏడాది తిరిగేసరికి కుక్క పిల్లలతల్లి కూడా కాగలదు! ఈ రెంటికీ పోలికేమిటండీ? 1953లో లెబో అనే ఫ్రెంచి పరిశోధకుడు దీన్ని సరిచేశాడు. మొదటి ఏడాదికి పదిహేను, రెండోదానికి తొమ్మిది, ఆపైన ఏడాదికి నాలుగు చొప్పున. ఈయన మరీ ఉదారుడు, షష్టిపూర్తిని పదకొండేళ్ళ దాకా జరిపేశాడు.

2020లో శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వారు 104 లాబ్రడార్ కుక్కల డి.ఎన్.ఏ. పరీక్షించి, దానిమీద వయసుతోపాటు మారే రసాయన గుర్తులని మనుషులవాటితో పోల్చి చూశారు. రెండు నెలల కుక్కపిల్ల తొమ్మిది నెలల పసిబిడ్డకి సమానమట. ఇద్దరికీ పళ్ళొచ్చే రోజులే. దొరికిందల్లా కొరకడం తల్లులకి తెలియంది కాదు! ఏడాది కుక్కకి 31, నాలుగేళ్ళదానికి 53. షష్టిపూర్తి ఆరేళ్ళు నిండిన రెండో నెలలోనే. ఆ పాత గచ్చు లెక్కకి ఎంత దగ్గరో చూశారా? కాకతాళీయమే అనుకోండి. పైగా ఇది లాబ్రడార్ల లెక్క. భారీ జాతులు ఇంకా త్వరగా ముసలివవుతాయి, బుల్లి జాతులు నిదానంగా.

ఒకటో తరగతి పిల్లాడికి తోడుగా తెచ్చిన లాబ్రడార్ పిల్ల, వాడు ఐదో తరగతికొచ్చేసరికి యాభై దాటేస్తుంది. ఎనిమిదో తరగతికి దాని షష్టిపూర్తి కూడా అయిపోయి ఉంటుంది. వాడేమో బంతి విసురుతూనే ఉంటాడు. అదీ పాపం తెస్తూనే ఉంటుంది. మెట్లెక్కడానికి వెనకాడిందంటే మాత్రం బద్ధకమని కసరకండి. మోకాళ్ళ సంగతేమిటో ఓసారి పశువుల డాక్టరుకి చూపించండి.