డీఎన్ఎస్ అంటే ఏంటి? ఇంటర్నెట్‌కి ఫోన్‌బుక్ ఎలా వచ్చింది?

2021 అక్టోబర్ 4 రాత్రి గుర్తుందా? వాట్సాప్, ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ మూడూ దాదాపు ఆరు గంటలు ఆగిపోయాయి. డేటా ఆఫ్ చేసి ఆన్ చేశాం, ఫోన్ రీస్టార్ట్ చేశాం. కానీ తప్పు మన ఫోన్‌ది కాదు. ఎందుకో తెలియాలంటే డీఎన్ఎస్ గురించి తెలియాలి.

కాంటాక్ట్స్‌లో 'అమ్మ' అని నొక్కితే ఆ నంబర్‌కి కాల్ వెళ్తుంది కదా. ఇంటర్నెట్‌లోనూ అంతే. సర్వర్‌కి ఐపీ అడ్రస్ అనే నంబర్ ఉంటుంది. మనం సైట్ పేరు కొడితే దాని నంబర్ వెతికిచ్చేదే డీఎన్ఎస్.

ఇంటర్నెట్‌కి ముందు, 1970ల్లో, అమెరికాలో ఆర్పానెట్ ఉండేది. అందులోని కంప్యూటర్ల పేర్లు, నంబర్లు అన్నీ ఒకే ఫైల్‌లో రాసేవాళ్లు. కాలిఫోర్నియాలో ఎలిజబెత్ ఫైన్‌లర్ టీమ్ దాన్ని చూసుకునేది. కొత్త పేరు చేర్చాలంటే వాళ్లనే అడగాలి. అందరూ ఆ ఫైల్‌నే కాపీ చేసుకోవాలి. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఇది కుదరలేదు. అందుకే 1983లో పాల్ మొకాపెట్రిస్ డీఎన్ఎస్ తయారుచేశారు. ఇక ఎవరి లిస్టు వాళ్ల సర్వర్లలోనే!

ఆ రాత్రి మెయింటెనెన్స్‌లో జరిగిన పొరపాటుకి ఫేస్‌బుక్ సొంత నెట్‌వర్క్ తెగింది. దాని డీఎన్ఎస్ సర్వర్లు కూడా బయటికి కనిపించకుండా పోయాయి. పేరుంది, నంబర్ చెప్పే దిక్కు లేదు.

కాబట్టి ఈసారి ఏదైనా యాప్ ఆగితే కంగారుపడి ఫోన్ రీసెట్ కొట్టకండి. ముందు వేరే సైట్ ఓపెన్ చేయండి. అది వస్తే, ఇబ్బంది అవతలివైపే ఉండొచ్చు.