ముందు ఫ్రేము చూడు

కిందటేడు ఒక పాత సైకిలు కొనాలని బయల్దేరాను. కోరిక చిన్నదే. సన్నీవేల్‌లో ఇంటి నుంచి ఆఫీసుకి ఆరు మైళ్ళు. వారమంతా దాని మీదే వెళ్ళాలి. కూపర్టీనో వెనకాల కొండల్లో మట్టిదారులున్నాయి, శని ఆదివారాల్లో అక్కడికీ అదే రావాలి. రెండు పనులకీ ఒక్కటే సైకిలు, అదీ మూడొందల డాలర్ల లోపు. ఆఫీసులో సైకిలు పిచ్చి ఉన్నవాళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ ఒకటే మాటన్నారు: అలా కుదరదు, రెండు పనులకి రెండు సైకిళ్ళు ఉండాల్సిందే.

నాకది మింగుడుపడలేదు. కృష్ణా డెల్టాలో మా నాన్న ఇరవయ్యేళ్ళకి పైగా ఒక్క సైకిలు మీదే బడికి వెళ్ళి పాఠాలు చెప్పొచ్చాడు. రెండు కిలోమీటర్లు తారు రోడ్డు, ఏడు కిలోమీటర్లు కాలవ గట్టు. వానాకాలంలో నల్లరేగడి మడ్‌గార్డులో ఇరుక్కుని చక్రం తిరక్కపోతే దిగి, పుల్లతో గీకి, మళ్ళీ ఎక్కేవాడు. ఉద్యోగానికి ఒక సైకిలు, మట్టిదారికి ఇంకో సైకిలు అని ఆయనకెవరూ చెప్పలేదు.

మరి ఈ రెండూ ఎక్కడ విడిపోయాయి? ఆ ప్రశ్న పట్టుకుని చదువుకుంటూ పోతే ఒక సంగతి తెలిసింది. మౌంటెన్ బైకు చరిత్ర ఏ ఫ్యాక్టరీలోనో, ఏ మేధావి గ్యారేజీలోనో మొదలవలేదు. నాలాగే పాత సైకిలు కోసం వెతుక్కుంటూ బయల్దేరినవాళ్ళతో మొదలైంది.

శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరంగా గోల్డెన్ గేట్ వంతెన దాటితే మెరీన్ కౌంటీ వస్తుంది. అక్కడ మౌంట్ టామల్‌పయస్ అని 2,500 అడుగుల పైచిలుకు ఎత్తున్న కొండ ఉంది. అడవి అంటుకుంటే ఫైరింజన్లు వెళ్ళడానికి వేసిన మట్టిరోడ్లు దాని చుట్టూతా ఉంటాయి. 1970ల మొదట్లో లార్క్‌స్పర్ అనే ఊరి కుర్రాళ్ళు కొందరు, ఎవరికీ అక్కర్లేని పాత సైకిళ్ళు పోగేసుకుని ఆ రోడ్ల మీద కిందికి దూసుకుపోవడం మొదలెట్టారు. ఆ పిచ్చి చుట్టుపక్కల రోడ్డు రేసులాడే కుర్రాళ్ళకి అంటుకుంది. గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ వాళ్ళలోవాళ్ళే. ఈ ముగ్గురికీ సన్న టైర్ల రేసు సైకిళ్ళు ఉన్నాయి. అవి ఆ రాళ్ళ మీద పనికిరావు. పనికొచ్చే కొత్త సైకిలు బజార్లో లేదు. అందుకని నలభై ఏళ్ళు వెనక్కి వెళ్ళారు.

నలభై ఏళ్ళు ఎందుకంటే, అమెరికాలో అప్పటికే పెద్దవాళ్ళు కార్లకి మారిపోయి సైకిలు పిల్లల వస్తువైపోయింది. దానికితోడు ఆర్థిక మాంద్యం. చికాగోలో 1895లో పుట్టిన ష్విన్ కంపెనీ ఆ గడ్డురోజుల్లో, 1933లో, రెండంగుళాల పైచిలుకు లావున్న బెలూన్ టైర్లతో సైకిళ్ళు దింపింది. ఇంటింటికీ పేపర్ వేసే కుర్రాడు ఫుట్‌పాత్ అంచుకి గుద్దినా, వాకిట్లో పడేసి పోయినా తట్టుకోవాలి. అందుకని ఇనుము దండిగా వాడారు. ముందు ఫోర్కు బాగా వాల్చి పెట్టారు. రెండు చక్రాల మధ్య దూరం ఎక్కువ. అలాంటి సైకిలు చటుక్కున మలుపు తిరగదు, కానీ దిగుడులో బెదరదు. ఆ కాలపు ష్విన్ ఎక్సెల్సియర్ ఫ్రేము కోసం మెరీన్ కుర్రాళ్ళు పాత సామాన్ల కొట్లూ, తుక్కుగుట్టలూ గాలించారు.

ఏ ఫ్రేము ఆగుతుందో కొండ దిగితే గానీ తెలిసేది కాదు. విరిగినవి పారేశారు, విరగనివాటి పేర్లు గుర్తుపెట్టుకున్నారు. మడ్‌గార్డులూ, ఉత్తుత్తి పెట్రోలు ట్యాంకులూ ఊడబీకారు. చేత్తో పట్టే గట్టి బ్రేకులు మోటారుసైకిళ్ళ నుంచి తెచ్చారు. తర్వాత గేర్లు పెట్టారు. అన్నీ మార్చారు గానీ ఫ్రేము మార్చలేదు. మార్చలేనిది అదొక్కటే కాబట్టి, వాళ్ళ ఎంపిక అంతా దాని గురించే.

1976 అక్టోబర్ 21న ఫెయిర్‌ఫాక్స్ ఊరి వెనక ఒక దిగుడు రోడ్డు మీద పందెం పెట్టుకున్నారు. రెండు మైళ్ళ దారి, 1,300 అడుగుల పల్లం. మొదటి పందెం అలన్ బాండ్స్ గెలిచాడు. ఆ దారికి రీప్యాక్ అని పేరు. ఆ పేరెలా వచ్చిందో తెలిసినప్పుడు నాకు మా ఊరి సైకిలు షాపు గుర్తొచ్చింది. ఆ పాత సైకిళ్ళకి పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఉండేది, వెనక చక్రం ఇరుసు లోపల. దిగుడంతా అది పట్టుకుని దిగితే లోపలి గ్రీజు కాగి, పొగై పోయేది. ఇంటికెళ్ళి ఇరుసు విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. ఆ మళ్ళీ కూరడమే రీప్యాక్. మన సైకిలు షాపుల్లో బాల్స్ కిరోసిన్‌లో కడిగి, గ్రీజు పెట్టి బిగించే 'ఓవరాయిలింగు' ఉందే, అదే పని. ప్రపంచంలో మొట్టమొదటి మౌంటెన్ బైకు పందేల్లో ఒకటి ఓవరాయిలింగు పేరు మీద జరిగిందన్నమాట!

మిగతా కథ అందరూ చెప్పేదే. పాత ఫ్రేములు దొరకడం కష్టమవుతుంటే, 1977లో జో బ్రీజ్ కొత్త గొట్టాలతో కొండ కోసమే ఒక సైకిలు కట్టాడు. కొలతలు మాత్రం పాత ఎక్సెల్సియర్ నుంచే తీసుకున్నాడు. ఆ సైకిలు ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. 1979లో ఫిషర్, కెల్లీ కలిసి టామ్ రిచీ చేసిచ్చిన ఫ్రేములతో మౌంటెన్‌బైక్స్ అనే పేరుతో వ్యాపారం పెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ జపాన్‌లో చేయించిన స్టంప్‌జంపర్‌ని 750 డాలర్లకి అమ్మకానికి పెట్టింది. అక్కణ్ణుంచి అది పరిశ్రమ.

ఈ కథని కనిపెట్టినవాళ్ళ కథగా చెప్పడం సిలికాన్ వ్యాలీ పక్కనున్నవాళ్ళకి సహజం. కానీ దగ్గరగా చూస్తే ఇందులో కొత్తగా కనిపెట్టిన వస్తువంటూ పెద్దగా ఏమీ లేదు. లావు టైరు 1933 నాటిది, గేర్లు అంతకంటే ముందువి. ఈ కలగలుపు కూడా కొత్త కాదు. జాన్ ఫిన్లీ స్కాట్ అనే ఆయన 1953లోనే పాత ష్విన్ ఫ్రేముకి లావు టైర్లూ గేర్లూ తగిలించి అడవుల్లో తిరిగాడు. కాబట్టి ఇక్కడ జరిగిందల్లా ఎంపిక. తుక్కులోంచి ఏది ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్న తెలివి. దానికి పేటెంట్ ఉండదు. ఉండదు కాబట్టే చరిత్రలో అది తేలిగ్గా జారిపోతుంది.

జారిపోయిన కథ ఒకటి మా ఇంటి పక్కనే ఉంది. 1974 డిసెంబర్ 1న మెరీన్‌లోని మిల్ వ్యాలీలో ఒక బురద పందెం జరిగింది. దానికి దక్షిణాన కూపర్టీనో నుంచి కొందరు కుర్రాళ్ళు వచ్చారు. తమని తాము మారో డర్ట్ క్లబ్ అని పిలుచుకునేవాళ్ళు. మారో అన్నది ఆ పాత వెనక బ్రేకు తయారీ పేరే. వాళ్ళ లావు టైర్ల సైకిళ్ళకి అప్పటికే గేర్లున్నాయి, బొటనవేలితో మార్చే మీటలున్నాయి, డ్రమ్ము బ్రేకులున్నాయి. మెరీన్ కుర్రాళ్ళు వాటిని కళ్ళారా చూశారు. ఎవరు ఎవర్ని చూసి ఎంత నేర్చుకున్నారో వాదించుకోవచ్చు. కానీ ఆ తర్వాత కూపర్టీనో వాళ్ళు ఎవరి దారిన వాళ్ళు పోయారు, ఎన్నో ఏళ్ళ దాకా వాళ్ళ పేరు ఎవరూ ఎత్తలేదు.

మెరీన్‌లో ఏముంది, కూపర్టీనోలో ఏం లేదు? మెరీన్‌లో చార్లీ కెల్లీ దగ్గర స్టాప్‌వాచీ, నోటుబుక్కు ఉన్నాయి. ఎవరు ఎన్ని సెకన్లలో దిగారో రాసిపెట్టాడు. అందుకే గ్యారీ ఫిషర్ రికార్డు 4 నిమిషాల 22 సెకన్లని ఇవాళ మనం చెప్పుకోగలుగుతున్నాం. వెండీ క్రాగ్ దగ్గర కెమెరా ఉంది. ఆ మగగుంపులో తనూ సైకిలు తొక్కుతూనే వాళ్ళందరి ఫోటోలు తీసింది. 1980 నుంచి వాళ్ళకొక సొంత పత్రిక కూడా ఉంది. ఆద్యుడు అనే మాటకి, ముందు చేసినవాడు అని కాక, ముందు రాసిపెట్టుకున్నవాడు అని అర్థం చెప్పుకోవాలేమో. మనకిది కొత్తేం కాదు. తొలి తెలుగు కథ అంటే చాలాకాలం గురజాడ 'దిద్దుబాటు', 1910 అని కళ్ళు మూసుకుని చెప్పేశాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే అచ్చయింది. కథ ఉంది, కానీ దాన్ని లెక్కలో వేసే నోటుబుక్కు వేరేవాళ్ళ చేతుల్లో ఉంది.

ఇక్కడి దాకా వచ్చాక నాకు నాన్న కాలవ గట్టు మళ్ళీ గుర్తొచ్చింది. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్ మొదలై హెర్క్యులిస్‌లు చేసింది. 1956లో లూధియానాలో హీరో వచ్చింది. ఇవన్నీ కట్టింది పాత ఇంగ్లీషు రోడ్‌స్టర్ నమూనాలోనే. వాలు ఫోర్కు, పొడుగు ఫ్రేము, దండిగా ఇనుము. ఎక్సెల్సియర్‌కున్న లక్షణాలే. దాని మీద పాలక్యాన్లు వెళ్ళాయి, వడ్ల బస్తాలు వెళ్ళాయి, పుచ్చలపల్లి సుందరయ్య పార్లమెంటుకి వెళ్ళాడు. మన పల్లెల్లో రోడ్లన్నీ మట్టిదారులే. మరి ఈ ఆట మన దగ్గర ఎందుకు పుట్టలేదు?

నాకు తోచిన జవాబు ఇది. మెరీన్‌లో పాత సైకిలంటే తుక్కు. విరిగితే ఇంకోటి దొరుకుతుంది. మన దగ్గర పాత సైకిలు ఎప్పుడూ తుక్కు కాలేదు. అది ఆస్తి. కట్నంలో వాచీ పక్కన చోటున్న వస్తువు. చైను కవరు మీద యజమాని పేరు రాయించుకునేవాళ్ళు. అల్లుడి దగ్గర్నుంచి బావమరిదికి, వాడి దగ్గర్నుంచి పాలేరుకి చేతులు మారేది గానీ గుట్టలో పడేది కాదు. దాన్ని కొండ మీంచి దొర్లించి ఎన్ని సెకన్లు పట్టిందో చూద్దామని ఎవడికి తోస్తుంది? ఆటకి ముందు, పోయినా పర్వాలేదనే వస్తువొకటి కావాలి. రీప్యాక్ సంగతి ఫోన్లో చెప్తే నాన్న అంతా విని, "బురదలో సరదాకి తొక్కడమేంట్రా?" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు. ఆయన తప్పించుకోలేక తొక్కిన దారిని నేను సెలవురోజు డబ్బులిచ్చి వెతుక్కుంటున్నాను.

కానీ ఈ చరిత్ర నాకు సైకిలు ఎంచిపెట్టింది. రోడ్డు సైకిలూ కొండ సైకిలూ పూర్తిగా విడిపోకముందు, అంటే 1980ల్లో, 1990ల మొదట్లో, వచ్చిన స్టీలు మౌంటెన్ బైకులు రెండు పనులూ చేస్తాయి. షాకబ్జార్బర్లు ఉండవు. లావు టైర్లు పడతాయి. వెనక క్యారియర్‌కీ, మడ్‌గార్డుకీ మరలు బిగించే కన్నాలుంటాయి. ఆ తర్వాత కొన్నేళ్ళకి వచ్చిన షాకబ్జార్బర్ ఫోర్కులవి వద్దు. లోపలి రబ్బరు ఎండి రాయైపోయి ఉంటుంది, విడిభాగాలు దొరకవు.

అలాంటిదొకటి శాన్‌హోసేలో ఒకాయన గ్యారేజీలో దొరికింది. నూట ఎనభై డాలర్లు చెప్పాడు. వీడియో కాల్‌లో నాన్నని పెట్టుకున్నాను. నేను చైను కొలుస్తుంటే (కొత్త చైను పన్నెండంగుళాలకి సరిగ్గా పన్నెండు లింకులు వస్తాయి, అరిగితే సాగుతుంది) ఆయన విసుక్కున్నాడు. "చైనుదేముందిరా, మార్చుకోవచ్చు. ముందు ఫ్రేము చూడు." 1986లో ఆయన తన హెర్క్యులిస్‌ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు మా ఊరి సైకిలు షాపాయన చూపించిన పద్ధతులు ఒక్కొక్కటీ చెప్పాడు. ఆయన దగ్గర నోటుబుక్కు లేదు, కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

హ్యాండిల్ పట్టుకుని ముందు చక్రం జానెడెత్తు లేపి వదులు. గలగలమంటే మెడ దగ్గర బాల్స్ వదులు. ముందు బ్రేకు పట్టి ముందుకీ వెనక్కీ ఊపితే అదే సంగతి చేతికి తెలుస్తుంది. హ్యాండిల్ కింద రెండు గొట్టాలు కలిసే చోట అడుగున వేలు పెట్టి నిమురు. పెయింటు ముడతపడినా, ఉబ్బుగా తగిలినా ఎక్కడో గుద్దిన బండి, వదిలెయ్. సీటు గొట్టం కిందికీ పైకీ కదిలించు. కదలకపోతే లోపల పట్టేసినట్టు, తీయడం మహాకష్టం. చక్రం తిప్పి బ్రేకు రబ్బరు దగ్గర కన్నుపెట్టి చూడు, వంకర ఎంతుందో తెలుస్తుంది. వంకర తీయొచ్చు. ఆఖర్న వెనక నించుని చూడు. రెండు చక్రాలూ ఒక్కటిగా కనిపించాలి. కనిపించకపోతే ఫ్రేమే వంకర, దానికి మందు లేదు.

అన్నీ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. టైర్లు పగుళ్ళిచ్చాయి, బ్రేకు తీగలు తుప్పు పట్టాయి, అవి మార్చుకునేవే. డబ్బులిచ్చి ఫోన్ తిప్పి సైకిలు మొత్తం చూపించాను. నాన్న కాసేపు చూసి అడిగిందొకటే.

"క్యారియర్ ఏదీ?"

ఆదివారం కూపర్టీనో కొండలకి వెళ్దామనుకున్నాను. దానికి ముందు శనివారం కూర్చుని ఇరుసులు విప్పి ఓవరాయిలింగు చేశాను, క్యారియర్ బిగించాను. సోమవారం దాని మీద లంచ్ బాక్సు పెట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. ఫ్రేము అడుగున కొండ మట్టి ఇంకా అలాగే ఉంది.